చివరి ఆయకట్టు లెక్క

 

ఈ రోజు పట్టాలందుకుంటున్న మీరు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి నుంచి వచ్చి కంప్యూటర్ సైన్సు చదివారు. రేపు మీలో కొందరు గేములకో, డ్రైవింగ్ సిమ్యులేటర్లకో కోడ్ రాస్తారు. ఆ పనిలో నాకు బాగా ఇష్టమైన చిక్కు ఒకటి చెబుతాను.

తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లే. దృశ్యంలో చెట్లూ జనమూ పెరిగితే ఆ గడువు దాటిపోతుంది, కదలిక తడబడుతుంది. అందుకే ప్రోగ్రాం తన భారాన్ని తానే కొలుచుకుంటూ, ఎక్కువైతే దూరపు వస్తువుల వివరం తగ్గిస్తుంది, తీరిక దొరికితే పెంచుతుంది. ఎంత తగ్గించాలి, ఎప్పుడు పెంచాలి అన్న దగ్గరే కష్టమంతా.

ఆ కష్టం తెలియాలంటే మన తుంగభద్ర దిగువ కాలువనే చూడండి. పైన షట్టరు ఎత్తగానే చివరి ఆయకట్టుకు నీళ్లు రావు. చాల్లేదని మళ్లీ ఎత్తితే రెండు విడతలూ కలిసి మీద పడతాయి. గట్టు తెగుతుందని దించేస్తే మళ్లీ ఎండే. గ్రాఫిక్స్ చిప్ కొలత కూడా ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగానే చేతికొస్తుంది. అది మరిచి ప్రతి కొలతకూ ఉలిక్కిపడే కోడ్ రాస్తే, దూరాన ఉన్న వేపచెట్టు ఒక క్షణం ఆకులతో, మరుక్షణం మోడుగా మిణుకుమంటుంది.

1990లలో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ వాళ్ల ఐరిస్ పెర్ఫార్మర్ అనే సాఫ్ట్‌వేర్ దీనికి రెండు హద్దులు పెట్టింది. భారం పై హద్దు దాటితేనే వివరం తగ్గుతుంది, కింది హద్దు దిగితేనే పెరుగుతుంది, మధ్యలో ఉంటే ముట్టుకోదు. 1993లో బర్క్‌లీకి చెందిన పరిశోధకులు ఫంక్‌హౌసర్, సెకాన్ మరో దారి చూపారు: రాబోయే ఫ్రేము ఖర్చును ముందే అంచనా కట్టడం. రెండూ కలవాలంటాను నేను. అంచనా ముందు నడవాలి, కొలత వెనక నుంచి దిద్దాలి. తగ్గించేటప్పుడు చురుగ్గా, పెంచేటప్పుడు నిదానంగా.

ఎగువ వాళ్ల సౌకర్యం చూసి కాలువ నడిపితే చివరి రైతు ఏమవుతాడో మీ ఇళ్లలో తెలుసు. కోడ్‌కూ అలాంటి చివరి రైతు ఉంటాడు. మే నెల ఎండలో ఎమ్మిగనూరు బస్టాండులో ఓ పిల్లాడి పాత ఫోను వేడెక్కితే దాని చిప్ వేగం తానే తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో కుదిరిన హద్దులు అక్కడ చెల్లవు. ఈ పని మీ చేతికొచ్చిన రోజు అలాంటి ఫోనొకటి అడిగి తీసుకోండి. అరగంట ఆడించి, బాగా వేడెక్కాక అప్పుడు కొలవండి.