నడుం నొప్పి, బద్లీ భయం



పట్నం రోడ్లు ఊడ్చే మనకు నడుం పట్టేస్తే మంచమే మందు అనుకుంటం. మామూలు నొప్పికి మెల్లగా తిరగడం, పనిలో పడటమే మేలని డాక్టర్లంటున్నారు. కాళ్లల్ల బలం తగ్గినా, మూత్రం ఆగినా సంగతి వేరు, వెంటనే ఆస్పత్రికి పోవాలె. చీపురు పట్టే ధైర్యం మనకుంది. భయమల్లా మేస్త్రీతోనే. "పూర్తి డ్యూటీ చెయ్, లేకుంటే బద్లీని పెడత" అంటడు. అందుకే నొప్పి దాచి బండి నెడుతున్నం, మళ్లీ పడుతున్నం. ఇ.ఎస్.ఐ. చందా సరిగా కట్టి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా కూలిలో 70 శాతం వస్తది. మన పైసలు కోసిన కాంట్రాక్టరు కట్టిండా? రశీదు అడగండి. తిరిగొచ్చిన మొదటి రెండు వారాలు తేలిక పని, పొడుగు కర్ర చీపురు, బండికి ఇద్దరు: ఇవి కాగితం మీద రాయించుకోవాలె. కాంట్రాక్టర్లు మారుతుంటరు, నడుం మనదే.