పడవ మోటారు నడి గోదావరిలో ఆగినచో
(లంక రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేను పైరులను గురించి పాఠములు చెప్పువాడను. ఇంజనులను గురించి కాదు. అయినను నేడు పడవకు వెనుక తగిలించు పెట్రోలు మోటారును గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. గోదావరి లంకలలో అరటి, కంద, కూరగాయలు పండించు వారికి పడవయే బండి. గెల కోసిననాడు రేవు దాటనిచో మరునాటికి ధర పడిపోవును. ధర సంగతి అటుంచండి. ఆగస్టులో ఎర్రనీరు దిగుచుండగా నడి నదిలో మోటారు ఆగినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఒక ఏడాది లంకలో అరటి తోట చూచుటకు పోవుచుండగా మాకు అదే జరిగినది. రేవు విడిచిన పది నిమిషములకు మోటారు దగ్గి దగ్గి ఆగిపోయినది. పడవ నడుపునతడు తాడు లాగి లాగి చేతులు బొబ్బలెక్కించుకొన్నాడు. ప్లగ్గు విప్పి తుడిచినాడు. నేనును తోచిన సలహాలన్నియు చెప్పితిని, ఒక్కటియు పనికిరాలేదు. పడవ ప్రవాహమున పడి దిగువకు పోవుచున్నది. అప్పుడు కూరగాయల గంపల ప్రక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, "మాస్టారూ, ఆ పెట్రోలు డబ్బా డొక్కలు లోపలికి పీక్కుపోయాయండీ, చూడండి" అన్నది. చూడగా నిజమే. డబ్బా మూత మీది గాలి మర బిగించియున్నది. పెట్రోలు బయటకు పోయిన కొలది గాలి లోనికి రావలెను. రానిచో కొంతసేపటికి పెట్రోలు కదలదు. మర వదులు చేయగానే బుస్సుమని గాలి లోనికి పోయినది. మోటారు రెండవ లాగుడుకే అందుకొన్నది. అప్పటికి ఇసుక తిప్ప ఇంకను పది బారల దూరములో ఉన్నది.

కావున మొదట చూడవలసినది కార్బురేటరు కాదు. చాలమంది మోటారు ఆగగానే దానినే విప్పుదురు. పెట్రోలు డబ్బా నుండి బయలుదేరిన దారినే మీరును పోవలెను: గాలి మర, గొట్టము, చేతితో నొక్కు రబ్బరు బల్బు, వడపోత జాలీ, పంపు, ఆ తరువాతనే కార్బురేటరు.

బల్బు మీద బాణపు గుర్తు ఉండును. అది మోటారు వైపు చూపవలెను. నాలుగైదుసార్లు నొక్కగా బల్బు గట్టిపడినచో కార్బురేటరు తొట్టి నిండినదన్నమాట. ఎంత నొక్కినను మెత్తగానే ఉన్నచో గొట్టము ఎక్కడనో గాలి పీల్చుచున్నది, లేదా బల్బులోని కవాటము చెడినది. మోటారు నీరసించినపుడు ఒకరు బల్బు నొక్కుచుండగా మరల పుంజుకొన్నచో, పంపులోని పలుచని రబ్బరు పొర చిరిగియుండవచ్చును, లేదా గొట్టము బిగింపు వదులై ఉండవచ్చును. ఆ విధముగా బల్బు నొక్కుచు ఒడ్డు చేరవచ్చును. కాని మరునాడు అదే మోటారుతో బయలుదేరరాదు.

ప్లగ్గును కూడ చూడండి. చాలసేపు తాడు లాగిన పిదప ప్లగ్గు పొడిగా ఉన్నచో పెట్రోలు అందుట లేదు. తడిసి కారుచున్నచో పెట్రోలు ఎక్కువైనది, లేదా నిప్పురవ్వ రావడము లేదు.

ఇక కార్బురేటరు. దాని అడుగున ఒక చిన్న తొట్టి, తొట్టిలో తేలు బుడ్డి, దానికొక సూది ఉండును. పెట్రోలు నిండగనే బుడ్డి లేచి సూది దారి మూయును. మీ నీళ్ల ట్యాంకులోని బంతి కుళాయి వంటిదే. సూది క్రింద నలుసు పడినచో పెట్రోలు పొంగి కారును. తొట్టి నుండి సన్నని రంధ్రముల గుండా పెట్రోలు పోవును. వీటిని జెట్లు అందురు. మోటారు నెమ్మదిగా బాగుగ నడిచి, వేగము పెంచగానే కూలబడినచో పెద్ద జెట్టును, వేగముగా నడిచి నెమ్మదిగా నిలువనిచో చిన్న జెట్టును అనుమానించండి. చోకు కొంచెము మూయగా మోటారు బాగుపడినచో పెట్రోలు చాలుటలేదని గట్టి గుర్తు.

జెట్టును తీగతో గాని పిన్నీసుతో గాని పొడవరాదు. స్ప్రేయరు నాజిల్‌ను పొడిచిన వారికి తెలియును, రంధ్రము పెద్దదై తుంపర చెడును. కార్బురేటరు శుద్ధిచేయు ద్రావకములో నానబెట్టి గాలితో ఊదిన చాలును. మోటారు చల్లారిన పిదప, బీడీ ఆర్పి, ఒడ్డుననే ఈ పని చేయవలెను.

పెట్రోలు తక్కువైన దోషమును రెండు స్ట్రోకుల మోటారులో తేలికగా తీసుకొనరాదు. అందులో నూనె పెట్రోలుతోనే పోవును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును, పిస్టను పట్టివేయును. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలుపు మోటారులు కలవు, 40 కలుపు పాతవియు కలవు. మీ మోటారుతో వచ్చిన పుస్తకములో ఉన్న కొలతనే పాటించండి.

మరియొక సంగతి. మన దేశములో 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట అమలులోనికి వచ్చినది. అది చెరకు, మొక్కజొన్న, బియ్యము వంటి పంటల నుండి తీసినదే కనుక రైతుగా మనము సంతోషింపవచ్చును. పడవ మోటారు మాత్రము సంతోషింపదు. ఇథనాలు నీటిని పీల్చును. నీరు హద్దు మీరినచో ఇథనాలు, నీరు కలిసి అడుగునకు దిగును, నూనె పైన పెట్రోలులోనే మిగులును. గొట్టము పీల్చునది అడుగు నుండియే గదా! పాత రబ్బరు గొట్టములు, పొరలు కూడ ఇథనాలు వలన ఉబ్బి మెత్తబడవచ్చును. తొట్టి అడుగు మర విప్పి కొంచెము పెట్రోలు గాజు గ్లాసులో పట్టి చూడండి. అడుగున వేరు పొర గాని ముత్యముల వంటి బొట్లు గాని కనిపించినచో డబ్బా అంతయు ఖాళీ చేయవలెను.

బాగుచేసిన మోటారును ఒడ్డున వట్టిగా నడుపరాదు. నీరు అందక చల్లార్చు పంపు రబ్బరు కాలిపోవును. పీపాలో నీరు పోసి, మోటారు కాలు ముంచి నడిపి చూడండి. పడవలో తెడ్డు, గెడ, విడి ప్లగ్గు, రెంచి, ఎక్కిన ప్రతివారికి లైఫ్ జాకెట్టు ఉండవలెను. ధవళేశ్వరము వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిననాడు పాత మోటారును నమ్మి పిల్లలను ఎక్కించవద్దు.

నెల దాటి మోటారు వాడనిచో తొట్టిలోని పెట్రోలు అడుగు మర ద్వారా తీసివేయండి. అట్లే ఉంచినచో ఆవిరి పోయి బంక మిగిలి జెట్లు మూసుకొనును. డబ్బాలోని పాత మిశ్రమమును తరువాతి పనికి దాచవద్దు. రెండు మూడు వారములకు సరిపడునంత మాత్రమే కలుపుకొనండి.