'రైస్' అను మాటకు అర్థములెన్ని?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఒక శబ్దమునకు పెక్కు అర్థములుండుట సంస్కృత పరిచయము గలవారికి వింత కాదు. అమరకోశము మూడవ కాండమున నానార్థవర్గమని ఒక భాగమే కలదు. 'హరి' యన్న విష్ణువు, సింహము, గుఱ్ఱము, కోతి, కప్ప, ఇన్నియు నగును. సందర్భమును బట్టి అర్థము తేలును. అయితే మరికొన్ని మాటలు ఒకే అర్థము గలవానివలె కనబడుచు, లోపల పలు అర్థములను దాచుకొనియుండును. ఆంగ్లమున 'రైస్' అట్టి మాట. బడిపిల్లవాని నడిగిన 'బియ్యము' అని వెంటనే చెప్పును. ఆ జవాబు తప్పు కాదు గాని, అది పాతిక పాలు మాత్రమే.

ఆంగ్లేయునకు పొలములోని పైరు రైసే. గాదెలోని గింజ రైసే. దంచి చెరిగినది రైసే. విస్తరిలో వడ్డించినదియు రైసే. తెలుగువారికి అవి వరుసగా వరి, వడ్లు, బియ్యము, అన్నము. 'విస్తళ్లలో బియ్యము వడ్డించిరి' అన్నచో పెండ్లివారు నొచ్చుకొందురు. 'అన్నము నాటినారు' అన్నచో నాట్లు వేయు కూలీలు నవ్వుదురు.

ఈ వివేకము తెలుగునకే సొంతము కాదు. తూర్పు సముద్రములకావల ఫిలిప్పీన్ దీవులు కలవు. మనీలా నగర ప్రాంతపు భాష తగలోగ్. 1937లో జాతీయభాషకు దానినే ఆధారముగా ప్రకటించిరి. అమెరికావారి యేలుబడిలో పాదుకొన్న ఆంగ్లము 1946లో స్వాతంత్ర్యము వచ్చిన పిదపను అచ్చట నిలిచినది. కావున అచ్చటి రైతు ఈ రెండు భాషల నడుమ బ్రదుకుచున్నాడు.

తగలోగున చేనిలోని పైరును, పొట్టు తీయని గింజయు 'పాలాయ్'. పొట్టు తీసినది 'బిగాస్'. ఉడికినది 'కానిన్', తినుట యను అర్థముగల 'కాయిన్' అను మాటనుండి పుట్టినది, అనగా తినబడునది. దానిలోనికి కలుపుకొనునది యేదైనను 'ఊలమ్', తెలుగున ఆధరువు వంటిది. రాత్రి మిగిలిన చల్లని యన్నము 'బాహావ్'. తెల్లవారిన తరువాత దానిని వెల్లుల్లితో వేయించిన 'సినాంగాగ్'. అడుగంటిన మాడు 'తుతోంగ్', జావ 'లూగావ్', గంజి 'ఆమ్', నూకలు 'బిన్లిద్', తవుడు 'దరాక్', ఊక 'ఇపా'. ఈ మాటలు వినిన తెలుగు గృహిణికి తన వంటయిల్లే కనబడును.

ఇంతమాత్రమున ఆంగ్లము బీదభాష యనరాదు. అది గోధుమ తిను జాతి భాష. వారికి గింజ వీట్, పిండి ఫ్లవర్, తడిపిన ముద్ద డో, కాల్చినది బ్రెడ్, దాని పైపెచ్చు క్రస్ట్, మరల కాల్చినది టోస్ట్. అచ్చట తగలోగే గోధుమకు 'త్రిగో' యనియు, పిండికి 'అరీనా' యనియు స్పెయిను భాషనుండి అరువు తెచ్చుకొనినది. ఏ జాతి దేనిని దున్ని, వండి, తినునో దానికే మాటలు విరివిగా పుట్టును.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. వంద కిలోల వడ్లు మరలో ఆడించిన సుమారు 65 కిలోల బియ్యము వచ్చును. కాగితముపై 'రైస్ 100 కిలోలు' అని వ్రాసి, అమ్మినవాడు వడ్లనియు, కొనినవాడు బియ్యమనియు తలచినచో 35 కిలోల తగవు మిగులును. 'రైస్ ధర పెరిగినది' అని పత్రికలో చదివిన చిన్నరైతు సంతోషింపవలెనా, విచారింపవలెనా? పెరిగినది వడ్ల ధర యైన అతనికి లాభము. కళ్లములోనే గింజలమ్ముకొనిన పిదప పెరిగినది బియ్యపు ధర యైన, పిల్లల కంచములలో లోటు. అందుచేతనే కాబోలు, ఫిలిప్పీన్ ప్రభుత్వము ఆంగ్లమున ప్రకటించు లెక్కలలో సైతము 'పాలాయ్' అను మాటనే నిలుపుకొనినది. ఆంగ్లేయులును మలయ భాషనుండి 'పాడీ' అను మాటను తెచ్చుకొనిరి. ఆ పాడీయు, ఈ పాలాయ్ యును ఒకే మూలమునుండి పుట్టినవని భాషావేత్తల నిర్ణయము.

ఆ సీమకును గోదావరికిని ఒక ఋణానుబంధము కలదు. 1960లో తగలోగ్ ప్రాంతములోని లోస్ బాన్యోస్‌లో ఒక అంతర్జాతీయ పరిశోధనా సంస్థ వెలసినది. అచ్చట 1966లో విడుదలయైన ఐ.ఆర్.8 వంగడమును మరుసటి యేడే పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు పండించిరి. ఆ సంస్థ ఆంగ్లనామమున నున్నది 'రైస్' అను మాటయే. తెలుగు చేసినవారు దానిని బియ్యపు పరిశోధనా సంస్థ యనక, వరి పరిశోధనా సంస్థ యనిరి. సందర్భమెరిగి మాటను ఏరుకొనుట యనగా ఇదియే.

నేడు తెలుగిండ్లలో అన్నమునకు బదులు 'రైస్' అనుట వాడుకయైనది. పరభాష నేర్చుట మంచిదే. నాలుగు మాటలిచ్చి ఒక మాట కొనుట మాత్రము నష్టపు బేరము. గ్రంథాలయమున నిఘంటువు తెరచిన పడుచువారు మొదటి అర్థము చూచి మూసివేయరాదు. ఆ మాట పొలములో నున్నదా, గాదెలో నున్నదా, కుండలో నున్నదా, విస్తరిలో నున్నదా యని అడిగి మరి అర్థము చెప్పవలెను. కాళిదాసు రఘువంశారంభమున పార్వతీపరమేశ్వరులను శబ్దార్థముల జంటతో పోల్చెను. ఆ జంటను ఎడబాపకుండుట చదువరుల ధర్మము.

స్వస్తి.