ఉర్దూ బడి నుంచి సోర్బాన్ దాకా
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పే మమ్మల్ని పిల్లల తండ్రులు తరచూ ఒక మాట అడుగుతుంటారు: "మాస్టర్ సాబ్, చరిత్ర చదివితే ఏమొస్తుంది? అందులోనూ ఉర్దూలో చదివినవాడు ఎక్కడిదాకా పోతాడు?" దీనికి మా జవాబు ఒక మనిషి పేరు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా.

ఆయన 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., ఎల్‌.ఎల్‌.బి. చదివారు. పిమ్మట పరిశోధనకై యూరప్ వెళ్లి, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. అంతటితో తృప్తిపడక, పారిస్‌లోని సోర్బాన్‌లో రెండో డాక్టరేటు సాధించారు. ప్రవక్తగారి కాలంనాటి, తొలి ఖలీఫాల కాలంనాటి దౌత్య పత్రాలు ఆ పరిశోధన విషయం. అది 1935లో పారిస్‌లోనే ఫ్రెంచి భాషలో అచ్చయింది. ఉర్దూ ఆయన కాళ్లకు సంకెల కాలేదు. ఆ పునాది మీదనే తక్కిన భాషలు నేర్చుకున్నారు.

విదేశంలో ఉండి చరిత్ర విద్యార్థి చేసే పని ఏమిటని అడగవచ్చు. గ్రంథాలయంలో కూర్చుని పాత రాతప్రతులు వెదకడం, ఒకదానితో ఒకటి పోల్చి నిజం తేల్చడం. హజ్రత్ అబూ హురైరా శిష్యుడైన హమ్మామ్ కూర్చిన హదీసుల సంపుటి ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి ఉండగా, హమీదుల్లాగారు రెంటినీ సరిచూసి 1953లో ప్రకటించారు. హదీసులు చాలాకాలం నోటిమాటగానే ఉండేవన్న వాదానికి అది గట్టి జవాబైంది. ఓపికతో చేసిన పనికి అంత బలం ఉంటుంది!

ఇక మన సంగతి. హైదరాబాదు రాజ్యం గురించి ఇంగ్లీషువారు రాసుకున్న కాగితాలెన్నో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు మన తార్నాక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇంగ్లీషొక్కటే వచ్చినవాడు సగం కథే చదవగలడు. ఉర్దూ లిపి వచ్చిన మన బిడ్డ కొంచెం కష్టపడి ఫార్సీ, ఇంగ్లీషు నేర్చాడంటే రెండు సగాలూ కలిపి చదువుతాడు. మన చరిత్రను మనం రాయకపోతే ఇతరులు రాసిందే మిగులుతుంది.

డాక్టరీకి, ఇంజనీరింగుకు సాయపడే చేతులు మనలో చాలా ఉన్నాయి, సంతోషం. చరిత్రలో పరిశోధన చేసే బిడ్డకు, అబ్బాయైనా అమ్మాయైనా సరే, విమానం టిక్కెట్టుకో, చలిబట్టలకో, రాతప్రతుల నకళ్లకో ఏటా ఒక్క స్కాలర్‌షిప్పు కేటాయించమని ఈ సభను కోరుతున్నాము. బడిలో అలాంటి బిడ్డను గుర్తించి తయారుచేసే పూచీ మాది. పంపించే పూచీ మీది.

సెలవు.