మాత్ర వేసుకుంటే ఒళ్ళు వస్తోందని మాత్ర మానకండి

(సంఘం వార్షికోత్సవంలో భాగంగా జరిగిన మహిళా ఆరోగ్య సదస్సులో, ఉచిత వైద్య కేంద్రం కార్యకర్తల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. ప్రతి ఆదివారం మన సంఘం వైద్య కేంద్రంలో చీటీలు రాసేవాళ్ళం, బీపీ చూసేవాళ్ళం, బరువు తూచేవాళ్ళం. మందుల గురించి ఇందులో ఉన్న ప్రతి మాటనూ మా డాక్టరమ్మగారికి చూపించి, ఆమె సరే అన్నాకే మీ ముందుకు తెచ్చాం. ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పుకుంటాం. ఈ విషయం మీద మాట్లాడాలని మాకు తోచింది ఆ పొరపాటు వల్లే.

మన కేంద్రానికి ఒక అమ్మాయి వచ్చేది. ఇంట్లో మిషన్ కుడుతుంది. ఆమె అనుమతి తీసుకునే ఈ సంగతి చెబుతున్నాం, పేరు మాత్రం చెప్పం. మొదటిసారి వచ్చినప్పుడు 43 కిలోలు ఉంది. అంతకుముందు ఏడాది 52 ఉండేదట. రెండు పూటలా కడుపునిండా తింటున్నా చిక్కిపోతోంది. చేతులు వణికి సూదిలో దారం ఎక్కడం లేదు. చలికాలంలో కూడా చెమట, రాత్రిళ్ళు నిద్ర లేదు, గుండె దడ. ఇంట్లో వాళ్ళు దిష్టి అన్నారు, దిగులు అన్నారు. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్ మోతాదుకు మించి ఉందని తేలింది. పెద్దాసుపత్రిలో కార్బిమజోల్ మాత్రలు, దడ తగ్గడానికి ప్రొప్రనోలాల్ రాశారు.

నాలుగు నెలలకు వణుకు పోయింది, నిద్ర పట్టింది. బరువు 55కి వచ్చింది. ఆ ఆదివారం వరుసలో ఇరవై మంది ఉన్నారు. మాలో ఒకరం ముల్లు చూసి గట్టిగానే అన్నాం, "మాషాఅల్లాహ్, బాగా ఒళ్ళు చేశావే!" అని. మెచ్చుకోలుగానే అన్నాం. వెనకనుంచి ఎవరో, "ఇంకా చేస్తే జాకెట్లన్నీ మళ్ళీ కుట్టుకోవాలి" అన్నారు. అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె రాలేదు.

ఒక రాత్రి వాళ్ళ అన్నయ్య ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే నాడి నిమిషానికి 140 కొట్టుకుంటోంది, అదీ తప్పుతూ కొట్టుకుంటోంది. మామూలుగా కూర్చుని ఉన్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉండాలి. వెంటనే ఆసుపత్రిలో చేర్పించారు. కోలుకున్నాక మంచం మీద కూర్చుని మాతో అంది: "ఆపా, మాత్రలు మానేశాను. మళ్ళీ సన్నబడతానని. దడ వస్తూనే ఉంది, కానీ నడుం తగ్గుతోంది కదా అనుకున్నాను."

మేము ఏమీ అనలేకపోయాం. ఆమె చేత మాత్ర మాన్పించిన మాటల్లో మా మాట కూడా ఒకటి.

ఆ తర్వాత డాక్టరమ్మగారిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నవి మీతో పంచుకుంటాం.

"నాకు థైరాయిడ్ ఉంది" అనే మాట చాలదు. థైరాయిడ్ గ్రంథి మనందరికీ ఉంది, గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో. అది తక్కువ పనిచేస్తే ఒక జబ్బు, ఎక్కువ పనిచేస్తే ఇంకొక జబ్బు. రెండింటికీ మందులు పూర్తిగా వేరు. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవడం ప్రమాదం. సన్నబడాలని పక్కింటావిడ థైరాక్సిన్ మాత్ర అడిగి తెచ్చుకున్నవాళ్ళను మేము చూశాం. ఇప్పుడు చెబుతున్నది ఎక్కువ పనిచేసే జబ్బు గురించి. దీనికి ఎక్కువగా కనిపించే కారణం గ్రేవ్స్ వ్యాధి. 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దీన్ని వివరించారు, ఆయన పేరే నిలిచింది. మగవారి కంటే ఆడవారిలో చాలా ఎక్కువ.

ఈ జబ్బులో ఒళ్ళు పొయ్యిలా మండుతూ ఉంటుంది. ఎన్ని కట్టెలు పెట్టినా కాలిపోతాయి. కొవ్వే కాదు, కండ కూడా కరుగుతుంది, ఎముక పలచబడుతుంది. మందు పనిచేస్తున్న కొద్దీ మంట తగ్గుతుంది. కానీ నెలల తరబడి పెద్ద పళ్ళెం అలవాటైన చేయి, ఆకలి వెంటనే తగ్గవు. మంట తగ్గించి కట్టెలు మాత్రం అంతే పెడుతున్నామన్నమాట. మిగిలినది ఒంటికి చేరుతుంది.

అంటే వచ్చే బరువులో పెద్ద భాగం జబ్బు దోచుకుపోయినదే తిరిగి రావడం. మన అమ్మాయి లెక్కే చూడండి. 43తో పోలిస్తే 12 కిలోలు పెరిగింది. జబ్బుకు ముందున్న 52తో పోలిస్తే పెరిగింది 3 కిలోలే. ఆ మాట ఆ రోజు మేము చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కాబట్టి మందు మొదలుపెట్టిన రోజు బరువుతో కాదు, ఒంట్లో బాగున్న రోజుల బరువుతో పోల్చుకోండి.

అయితే "అంతా మామూలే" అని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. కొందరికి పాత బరువు దాటి పెరుగుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వెయ్యిమందికి పైగా రోగులను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స కాలంలో మగవారు సగటున 8 కిలోలు, ఆడవారు 5.5 కిలోలు పెరిగారని తేలింది. కాబట్టి "తిండి ఎక్కువైంది, నోరు కట్టుకో" అని రోగిని తప్పుపట్టకండి. మందు మొదలుపెట్టే రోజే ఈ సంగతి చెప్పి సిద్ధం చేయాలి.

బరువు ఆగకుండా పెరుగుతుంటే డాక్టరును అడగాల్సిన మాటలు మూడు. మొదటిది, మందు మోతాదు ఎక్కువై థైరాయిడ్ అవసరానికి మించి అణగిపోయిందా? చలి వేయడం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, పగలంతా మత్తు దీని గుర్తులు. మొదటి నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తపరీక్ష చేయించమనేది ఇందుకే. అందులో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే చాలదు, అది తేరుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఫ్రీ టీ4 కూడా చూడాలి. రెండోది, రేడియో అయోడిన్ గానీ ఆపరేషన్ గానీ అయినవారిలో థైరాయిడ్ తగ్గిపోతే థైరాక్సిన్ మాత్ర రోజూ వేసుకోవాలి. ఆ మోతాదు సరిపోతోందా? మూడోది, కళ్ళ వాపుకు స్టెరాయిడ్ ఇస్తున్నారా? దానివల్ల కూడా ఒళ్ళు వస్తుంది. ఈ మూడింటికీ దారి ఉంది. మోతాదు మార్చేది డాక్టరు. మన చేతుల్లో మనం మాత్రను సగం చేసుకోకూడదు, మానకూడదు. మానితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఇక ఇంట్లో చేయగలిగినవి. అన్నం మానేయమని మేము చెప్పం. మానేస్తే పదిరోజులు, పదకొండో రోజు రెట్టింపు. దడ, వణుకు తగ్గి, పరీక్ష మామూలుకు వస్తోందని డాక్టరు చెప్పాక పళ్ళెం మార్చండి. సగం పళ్ళెం కూరగాయలు, ఆకుకూరలు. పావు పళ్ళెం పప్పు, గుడ్డు, చేప, కోడి. మిగతా పావు అన్నమో రొట్టెనో. కరిగిన కండ తిరిగి రావాలంటే ఆ పప్పూ గుడ్డూ తప్పవు.

మనిళ్ళల్లో లెక్కకు రానివి చాయ్, నూనె. రెండు చెంచాల చక్కెరతో రోజుకు ఐదు చాయ్‌లంటే 50 గ్రాముల చక్కెర, 200 కేలరీలు. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. పెళ్ళి బిర్యానీ తిన్నందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు. ఆ బిర్యానీ మిగిలిందని మర్నాడు మూడు పూటలా తినడమే ఇబ్బంది. ఇంట్లో మిగిలినదంతా అమ్మ కడుపులోకే పోవాలన్న ఆచారం కూడా ఇకనైనా మానుకుందాం.

నడక మంచిదే, కానీ దడ ఉన్నన్నాళ్ళూ గబగబా నడవడం, మెట్లు ఎక్కి దిగడం వద్దు. నాడి కుదుటపడ్డాక రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంటకు పెంచుకోండి. బయటికి వెళ్ళడం కుదరని అక్కలు మిద్దె మీద నడవండి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి, తొడ కండకు బలం వస్తుంది. బరువు వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఉదయం చూసుకుంటే చాలు. సన్నబడే పొడులు, సముద్రపు నాచు మాత్రలు జోలికి పోకండి. నాచులోని అయోడిన్ ఈ జబ్బును రేపగలదు.

రమజాన్ గురించి చాలామంది అడుగుతారు. జబ్బు ఇంకా అదుపులోకి రానివారు డాక్టరును అడగకుండా రోజా ఉండొద్దు. రోగికి ధర్మమే సడలింపు ఇచ్చింది, ఆ రోజులు తర్వాత పూర్తి చేసుకోవచ్చు. అదుపులో ఉన్నవారు మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు ఎలా సర్దుకోవాలో నెల మొదలవకముందే అడిగి రాయించుకోండి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, పండ్లు, నీళ్ళ తర్వాత నమాజు చేసి వచ్చి భోజనం చేస్తే, వేయించిన పకోడీల మీదికి చేయి అంతగా పోదు. ఇది మా ఇళ్ళల్లో మేము చూసినదే.

రెండు హెచ్చరికలు. కార్బిమజోల్ వాడుతున్నప్పుడు జ్వరంతో గొంతునొప్పి గానీ, నోట్లో పుండ్లు గానీ వస్తే, మాత్ర ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి తెల్లకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా ఈ మందు తెల్లకణాలను తగ్గించేస్తుంది. మందు మనంతట మనం ఆపాల్సిన సందర్భాల్లో ఇదొకటి. రెండోది, గర్భం నిలిచిందని అనుమానం వచ్చినా, పిల్లలు కావాలనుకుంటున్నా ఆ సంగతి వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ నెలల్లో మందు మార్చాల్సి ఉంటుంది.

చివరిగా ఇంట్లో వాళ్ళకు, ముఖ్యంగా అత్తలకు, ఆడపడుచులకు, భర్తలకు ఒక మనవి. చిక్కిపోయినప్పుడు "ఏం రోగమో" అంటాం, కోలుకున్నప్పుడు "ఏం తింటోందో" అంటాం. ఆమె ఏ ఒళ్ళుతో బతకాలి? బరువు గురించి మీకు మాట రాబోతే, "దడ తగ్గిందా, నిద్ర పడుతోందా" అని అడగండి. ఆ ప్రశ్నతోనే ఆమె మనసు కుదుటపడుతుంది.

మా కేంద్రంలో ఒక మార్పు చేశాం. తూకం యంత్రాన్ని వరుసలోంచి తీసి తెర వెనక్కి మార్చాం. అంకె చీటీ మీద రాస్తాం, పైకి చదవం. మందు మొదలుపెట్టినవారికి, "కొన్ని కిలోలు తిరిగి వస్తాయి, భయపడకు, మాత్ర మానకు, ఎక్కువైతే మాతో చెప్పు" అని ముందే చెబుతున్నాం.

ఆ అమ్మాయి ఇప్పుడు క్రమంగా మాత్ర వేసుకుంటోంది. మొన్న ఆదివారం తెర వెనక తూకం వేసి చీటీ ఇచ్చాం. చూసుకుంది, మడిచి పర్సులో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించి మాకు చూపించింది.