పొలమందలి సాలెపురుగులు – వాని గుర్తులు



పేరునుబట్టి సాలెపురుగును చీడపురుగని తలంచి మందు చల్లువారు కలరు. కాళ్లు లెక్కించి చూడుడు: పురుగునకు ఆఱు, దీనికి ఎనిమిది. ఱెక్కలును మీసములును లేవు.

ఖాజాగూడ చుట్టును నేడు మేడలు లేచినవి గాని గుట్టబండల సందున పొదలింకను కలవు. మన దక్కను ముళ్లపొదలలో మాసిన గుడ్డపేలికవంటి గూడు కనబడినచో, అందు సాలెపురుగులు గుంపుగా కాపురముండి కలిసి వేటాడునని తెలియునది. సాలెపురుగులలో ఇట్టి పొత్తు మిక్కిలి అరుదు. గుండ్రని గూటి నడుమ తెల్లని అడ్డగీతలపై కాళ్లు జంటలుగా చాచి కూర్చుండునది వేఱొకటి.

వరి పండించువారు ముఖ్యముగా ఎఱుగవలసినది తోడేలు సాలెపురుగు. ఇది వలపన్నదు, దుబ్బుల మొదళ్లను, నీటిపైనను పరుగిడును. తల్లి గ్రుడ్లసంచిని వెనుక తగిలించుకొని తిరిగి, పిల్లలను వీపున మోయును. సుడిదోమ దీనికి ఆహారము. తొందరపడి ఘాటైన మందు కొట్టినచో ముందు ఈ కావలియే చచ్చును. ఆకుతొడిమలలో దాగిన దోమగ్రుడ్లు మిగిలి, కొలదిదినములకే దోమ ఇబ్బడిగా లేచును. కావున దుబ్బులు వంచి, దోమను సాలెపురుగును రెంటిని లెక్కించిన పిమ్మటనే మందుమాట తలపెట్టుడు. గట్లమీది గడ్డిని కొంత కోయక విడువుడు. కోతల తరువాత ఇవి అచ్చటనే తలదాచుకొనును.