తొట్టెకు ఒక జంట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ ఉత్సవమున నన్ను మాట్లాడుమన్నప్పుడు ఏ భాగవత కథయో చెప్పుదునని కార్యవర్గమువారు తలచియుందురు. నేను ఉప్పునీటి చేపలను గూర్చి చెప్పెదనంటిని. కొందరు నవ్విరి. సముద్రము మనకు ఏ దిక్కుగా పోయినను 300 కిలోమీటర్లకు పైమాటే. పోతిరెడ్డిపల్లిలో కూర్చుండి సముద్రపు చేపల ముచ్చట యెందుకని వారి నవ్వునకు అర్థము.

అయినను భాగవతమునకును చేపకును దూరము లేదు. అష్టమ స్కంధమున సత్యవ్రతుడను రాజు కథ కలదు. ఆయన దోసిలిలోనికి ఒక చిన్న చేపపిల్ల వచ్చి, నన్ను కాపాడుమని వేడుకొన్నది. రాజు దానిని కమండలువున నుంచెను. అది చాలలేదు. మరింత పెద్ద పాత్రలోనికి, అటుపిమ్మట చెరువులోనికి, తుదకు సముద్రములోనికి చేర్చవలసివచ్చెను. ఆ కథలోని పరమార్థమును పండితులు చెప్పుదురు. నేను లెక్కలు వ్రాయువాడను గనుక నాకు తోచిన చిన్న అర్థము చెప్పెదను. చేపను చేతికి తీసికొన్నవాడు దానికి తగిన నీరు చూపవలెను. ఈ ధర్మము తెలియక నేను మూడు ప్రాణములను పోగొట్టితిని. ఆ సంగతి చెప్పుటకే నేడు నిలుచుంటిని.

క్లౌన్ చేప యన విదూషకుడని పేరుపడిన చేప. నారింజ వన్నె మీద తెల్లని పట్టెలు చూచినవారు రంగు పూసికొన్న హాస్యగాని తలచుకొని ఆ పేరు పెట్టిరి. 2003లో వచ్చిన నీమో చిత్రము మూలమున నేడు పిల్లలందరును దీని నెరుగుదురు. ఈ వంశమున సుమారు 30 జాతులు కలవు. ఇవి పగడపు దిబ్బలలో సీ అనిమోనీ యను జీవి చేతుల నడుమ కాపురముండును. అనిమోనీ చూచుటకు పువ్వువలె నుండునే గాని అది జంతువు. దాని చేతులు తగిలిన చిన్న చేపలు విషముచే చచ్చును. క్లౌన్ చేపను మాత్రము దాని ఒంటి జిగురు కాపాడును. అనిమోనీ చేపకు కోట, చేప అనిమోనీకి కావలి. అనిమోనీని కొరికి తినవచ్చు చేపలను ఇది తరిమివేయును.

ఆ కాపలా గుణమే మనము గుర్తింపవలసినది. చూపునకు విదూషకుడే గాని స్వభావమున ఇది కోటను కాచు దళవాయి.

ఇంటిలోని పిల్లలు ముచ్చటపడిరని నేను మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల గాజుతొట్టె తెచ్చితిని. పది దినములలో నీరు నింపి, రంగురంగుల చేపలున్న అందముగా నుండునని తలచి, నాలుగు క్లౌన్ చేపలను విడిచితిని. రెండు ఆసెల్లారిస్ జాతివి, ఒకటి టొమాటో క్లౌన్, ఒకటి మెరూన్ క్లౌన్. నీరు అద్దమువలె నుండెను. మూడవ దినమున మెరూన్ చేప తొట్టె నంతయు తనదిగా చేసికొనెను. తక్కినవి మూలలకు చేరి, రెక్కలు చినిగి, మేత ముట్టవయ్యెను. రెండు వారములలో మూడు చచ్చినవి. నేను మెరూన్ చేపను నిందించితిని. అది తన కోట తాను కాచుకొన్నది. తప్పు నాది.

పంచతంత్రములో మూడు చేపల కథ కలదు. రాబోవుదానిని ముందే తలచు అనాగతవిధాత, సమయమునకు ఉపాయము తోచు ప్రత్యుత్పన్నమతి, కానున్నది కాక మానదని కూర్చుండు యద్భవిష్యుడు. కథలో ఆ గుణములు చేపలవి. నా యింటిలో యద్భవిష్యుడు తొట్టెకు వెలుపలనే యుండెను.

అటుపిమ్మట దొరకిన పుస్తకములన్నియు చదివితిని. తెలిసికొన్నది సంగ్రహముగా చెప్పెదను.

ఆసెల్లారిస్ క్లౌన్ శాంతమైనది, కొత్తవారికి తగినది. మన అండమాను సముద్రమునను కలదు. దానికి కవలవలె నుండు పెర్క్యులా జాతి న్యూగినీ, సాలమన్ దీవుల వైపుది. ఆసెల్లారిస్ వీపురెక్కలో సాధారణముగా 11 ముళ్లు, పెర్క్యులాకు 10. పెర్క్యులా పట్టెల అంచున నల్లగీత మందముగా నుండును. ఈ రెండును ఒకచోట నున్న జంటకట్టి కలగలుపు సంతానము కనవచ్చును గనుక వేరుగా నుంచుట మేలు. క్లార్క్ క్లౌన్ మిక్కిలి గట్టిది. క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చు పది రకముల అనిమోనీలలో దేనియందైనను ఇముడును. టొమాటో క్లౌన్ పెద్దదైనకొలది కోపిష్ఠి యగును. మెరూన్ క్లౌన్ చెంపకు ముల్లు గలది, ఆడుది 15 సెంటీమీటర్లు మించును. దీనికి 200 లీటర్ల తొట్టె వేరుగా కావలెను. మాల్దీవులు, లక్షద్వీపముల నల్లపాదపు క్లౌన్ ఒకే రకపు అనిమోనీని ఆశ్రయించును.

కావున సూత్రమిది. ఇంటి తొట్టెకు ఒక జాతి, ఆ జాతిలో ఒక జంట. రెండవ జాతి మీద మనసైనచో రెండవ తొట్టె కొనుడు. అంత శక్తి లేదన్నచో ఒక జాతితో తృప్తిపడుడు.

జంటను కూర్చుట సులువే. క్లౌన్ చేపలు పుట్టుకతో ఆడువి కావు. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడుదగును, దాని తరువాతిది మగదిగా దానితో కాపురము చేయును. ఆడుది చచ్చినచో మగదియే ఆడుదిగా మారును. ఆ చిత్రములో తల్లిని కోల్పోయిన పిల్లను తండ్రి వెదకుచు పోవును. నిజమునకు ఆ తండ్రి తల్లిగా మారవలసినవాడే! ఈ గుణమువలన, ఒకే జాతి పిల్లలను రెండింటిని, ఒకటి కొంచెము పెద్దదిగా నేరి తెచ్చిన చాలును. తక్కినది అవియే తేల్చుకొనును. ఎదిగిన ఆడువానిని రెండింటిని మాత్రము కలుపరాదు.

ఇక నీటి లెక్క. నా తొట్టె ఘనము 6.75 అడుగులు, అనగా సుమారు 191 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన విడిచిన ఖాళీ తీసివేయగా నీరు 160 లీటర్లు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణముండును. 160 లీటర్లకు 5 కిలోల 600 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్ర లవణములలో సోడియం, క్లోరైడు కలిసి సుమారు 85 శాతమే. మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగునవి మిగిలిన భాగము. అందులకై అమ్ము సముద్ర లవణమే కొనవలెను. బోరునీటిలో ముందే కరిగియున్న లవణములు లెక్కను చెరచును గనుక ఆర్వో నీరు వాడవలెను.

వేసవిలో దినమునకు రెండు లీటర్లు ఆవిరియగును. ఆవిరియగునది నీరే, ఉప్పు తొట్టెలోనే నిలుచును. ఇది తెలియక నేను తగ్గిన నీటికి ఉప్పునీరే పోసితిని. దినమునకు 70 గ్రాముల చొప్పున పది దినములకు 700 గ్రాములు పెరిగి, లీటరుకు 39 గ్రాములు దాటెను. తగ్గినది మంచినీరైనచో జమ చేయవలసినదియు మంచినీరే. వారమునకొకసారి పదవవంతు నీరు తీసి మార్చునప్పుడు మాత్రము 16 లీటర్లకు 560 గ్రాములు కలుపవలెను. నీరు 25 మొదలు 27 డిగ్రీల వేడిలో నుండవలెను. మన వేసవిలో పైమూత తీసి వల పరచి, ఫ్యాను గాలి నీటిమీదికి త్రిప్పిన కొంత చల్లబడును. కరెంటు పోయినప్పుడు గాలి పంపుటకు బ్యాటరీ పంపు సిద్ధముగా నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఓపిక. చేప విసర్జనమునుండి అమ్మోనియా పుట్టును. అది విషము. దానిని నైట్రైటుగా ఒక తెగ సూక్ష్మజీవులు, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా వేరొక తెగ మార్చును. ఈ జీవులు రాళ్లమీద, ఇసుకలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మనము దుక్కి దున్నక విత్తము గదా! నేను దున్నక విత్తితిని. అద్దమువలె నున్న ఆ నీటిలో అమ్మోనియా నిండియుండెను. నేడు పరీక్షద్రవముతో కొలిచి, అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న యని పుస్తకమున వ్రాసికొన్న పిదపనే చేపను గూర్చి తలచుదును.

రెండవమారు అట్లే చేసితిని. ఆరు వారములు ఖాళీ తొట్టెను చూచుచు కూర్చుంటిని. ఇంటివారు పరిహసించిరి. తరువాత ఆసెల్లారిస్ జంటను తెచ్చితిని. నాలుగేండ్లయినది. అనిమోనీ లేదు, దానికి తీవ్రమైన వెలుతురు, ముదిరిన తొట్టె కావలెను. అది లేకున్నను ఈ చేపలు సుఖముగా బ్రదుకును. బాగుగా చూచుకొన్నచో 20 ఏండ్లు దాటి జీవింపగలవు. నా యీడువాడు వీనిని తెచ్చినచో ఎవరికి అప్పగింతునని కూడ తలచుకొనవలెను.

గత సంవత్సరము అవి చదునైన రాతిమీద గ్రుడ్లు పెట్టినవి. మగది రేయింబవళ్లు రెక్కలతో విసరుచు, చెడిన గ్రుడ్లను నోటితో తీసివేయుచు కావలి కాచెను. మన కొర్రమీను తన పిల్లల గుంపును వెన్నంటి కాచుట చెరువుగట్టున చూచినవారికి ఆ దృశ్యము కొత్తగాదు. ఎనిమిదవ రాత్రి పిల్లలు వెలువడినవి. వానికి తగిన సూక్ష్మాహారము నా యొద్ద లేక, ఒక్కటియు దక్కలేదు. ఆ పద్దు కూడ నా పుస్తకమున ఖర్చు వైపున నున్నది.

మనకు ఆ నేర్పు లేకున్నను అది గలవారు కలరు. మన దేశమున కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు క్లౌన్ చేపలను తొట్టెలలో ఈనించి పెంచు పద్ధతులను స్థిరపరచిరి. కావున కొనునప్పుడు, ఇది సముద్రమున పట్టినదా, తొట్టెలో పుట్టినదా యని అడుగుడు. లక్షద్వీపముల పగడపు దిబ్బలు 1998, 2010, 2016 సంవత్సరములలో నీటి వేడికి తెల్లబారినవి. అట్టి దిబ్బలనుండి మన ముచ్చటకై మరియొక చేపను తీయుట న్యాయము గాదు. పగడములను తెప్పించుట చట్టరీత్యా నేరము కూడ.

ఒక మాట చెప్పి ముగించెదను. తేటగా నున్న నీరెల్ల మంచినీరు గాదని ఆ తొట్టె నాకు నేర్పెను. అది నేర్చిన పిదప నా చూపు మన ప్రాంతపు నీళ్లమీదికి పోయినది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థములు నక్కవాగున బడి మంజీరకు చేరిన చరిత్ర మన పెద్దలెరుగుదురు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించిరి. శుద్ధి చేసితిమన్న నీటిలో ఏమి మిగిలినదో కన్ను చెప్పలేదు, కొలత చెప్పినది. తొట్టెలోని చేపకు మంచినీరు చూపువాడు దాని యజమాని. చెరువులోని కొర్రమీనుకు యజమాని యెవరు? మనమందరమును గాదా?

నా నాలుగేండ్ల నీటిలెక్కల పుస్తకమును నేడు ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. చచ్చిన చేపల పద్దులును అందు దాచక వ్రాసితిని. తొట్టె కొనదలచిన పిల్లలు ముందు దానిని చదువుడు. మన చెరువునీటిని కొలువదలచినవారికి వెనుక పుటలు ఖాళీగా విడిచితిని.